గోడెలీవ్ ‘అందరం’ అనని రోజు

బ్రస్సెల్స్‌లో లాబీయిస్టునని చెప్పుకుంటే ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు కూడా ఓసారి ఎగాదిగా చూస్తారు. గోడెలీవ్ క్లాస్ మాత్రం ఆ మాట ఎప్పుడూ దాచుకోలేదు. ఆల్స్ట్‌లో మాంసం కొట్టు నడిపే తమ్ముడు ఆదివారం భోజనాల దగ్గర ఇంతకీ నువ్వు అమ్మేదేమిటే అక్కా అని ఏడిపించేవాడు. మాట అమ్ముతానురా, తూకంలో మాత్రం నీకంటే నయం అని ఆమె అంటించేది.

ఆమె పనిచేసే సంఘంలో సభ్యులంతా కంప్యూటర్లూ, యంత్రాలూ, వాటిలో నడిచే ప్రోగ్రాములూ చేసే సంస్థలు. కొన్ని ఆకాశమంత పెద్దవి, కొన్ని ఇంటి గారేజీ దాటనివి. బజారులో ఒకరినొకరు నమిలి మింగాలని చూసుకునేవాళ్ళే. చట్టాలు రాసేవాళ్ళ దగ్గరికి ఇందరూ విడివిడిగా పోతే ఎవరి గోల వారిదే అవుతుంది, వినేవాడికి తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. వీళ్ళందరినీ ఒక్క కాగితం మీదికి తెచ్చి, ఆ కాగితం పట్టుకుని యూరోపియన్ పార్లమెంటు మెట్లెక్కడం గోడెలీవ్ పని. ఇదేం పెద్ద పని అనేవాళ్ళు ఒక్క వారం చేసి చూపిస్తే బాగుండును.

ఆమె చేసే తీరే వేరు. మెయిళ్ళు పంపి ఊరుకోదు, ఫోను చేస్తుంది. ఎవరు అలిగారో, ఎవరు పైకి సరే అని లోపల ఉడుకుతున్నారో గొంతు విని పట్టేస్తుంది. పార్లమెంటు వాళ్ళ దగ్గర తన వాళ్ళ మాట చెప్పాక, మమ్మల్ని కాదనేవాళ్ళు ఇలా అంటారు, అందులో ఇంత నిజముంది అని అవతలి పక్షం వాదన కూడా తనే చెప్పేది. సాటి లాబీయిస్టులకు అది పిచ్చితనంగా కనిపించేది. ఆమెకు తలుపులు తెరుచుకునేది అందుకేనని వాళ్ళ బుర్రకు ఎక్కలేదు.

అలా తలుపు తెరిచేవాళ్ళలో నేవెంకా ఒకతె. స్లోవేనియా మనిషి. చట్టం ముసాయిదా బాధ్యత మోసే పార్లమెంటు సభ్యుడికి సలహాదారు. చూడ్డానికి నిద్రమొహం, బుర్ర మాత్రం పాదరసం. గోడెలీవ్ కాగితం తెస్తే చదవకముందే ఒకటే ప్రశ్న వేసేది, మీవాళ్ళందరూ ఒప్పుకున్నారా అని. ఒప్పుకున్నారంటే ఆ కాగితం నేరుగా సభ్యుడి బల్ల మీదికి పోయేది. లేదంటే ఎవరు ఒప్పుకోలేదో గోడెలీవే చెప్పేది. ఇన్నేళ్ళలో ఆ జవాబు ఒక్కసారీ తప్పు కాలేదు.

ఆ ఏడాది వచ్చిన ముసాయిదాలో ఒక షరతు ఉంది. యంత్రం చేసినవాడు అందులో ఇతరుల ప్రోగ్రాములు కూడా నడవడానికి దారి వదలాలి. కోర్ట్రెయిక్‌లో వాల్టర్ మీస్ అనే ముసలాయన బతుకంతా ఆ దారి మీదే ఉంది. బేకరీల గల్లా యంత్రాల్లో నడిచే ప్రోగ్రాము ఆయనది, యంత్రాలు మాత్రం పెద్ద సంస్థలవి. అలాంటి చిన్నవాళ్ళు సంఘంలో ఇంకా చాలామంది ఉన్నారు. పెద్దవాళ్ళకు ఆ షరతు గొంతులో ముల్లయింది. దాన్ని తీసెయ్యాలని మా రంగమంతా ఒక్క గొంతుతో కోరుతోందని వాళ్ళే ఒక కాగితం తయారుచేశారు.

సంఘంలో కాగితం నెగ్గడానికి ఒక పద్ధతి ఉంది. సభ్యులందరికీ పంపి గడువు పెడతారు. గడువులోగా ఎవరూ వద్దనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. సంఘం పెద్ద ఒలివియే ఈసారి గడువు క్రీస్తు ఆరోహణ పండగ మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నానికి పెట్టాడు. తేదీ బాగుందా అని అడిగితే వేరే పని హడావిడిలో ఉన్న గోడెలీవ్ బాగుందని తలూపింది. గురువారం పండగ, వెనకే శని ఆదివారాలు. నడిమి శుక్రవారం కూడా సెలవు పెట్టి, అక్కడివాళ్ళ మాటలో వంతెన వేసుకుని, బెల్జియం బెల్జియమంతా సముద్రం ఒడ్డుకు పోయింది. గోడెలీవ్ కూడా తమ్ముడి పిల్లలతో ఇసుకలో కూర్చుని రొయ్యల క్రోకెట్లు తింది. పెద్ద సంస్థల ఆఫీసుల్లో సెలవు రోజున కూడా ఎవరో ఒకరు కాపలా ఉంటారు. వాల్టర్ ఆఫీసంటే వాల్టరే.

సోమవారం పొద్దున్నే ఆయన ఫోను వచ్చింది. కోప్పడలేదు, అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

“అమ్మా గోడెలీవ్, నా కొట్టు మూయించమని అడిగే కాగితంలో నన్నూ కలిపేశారేమిటమ్మా?”

ఆమె మొహం మాడిపోయింది. ఒలివియే గదికి వెళ్ళి మళ్ళీ అందరినీ అడుగుదామంది. ఆయన దుర్మార్గుడేం కాదు. మర్నాడే నేవెంకాతో సమావేశం, ఆ తర్వాత అడిగినా లాభం లేదన్నాడు. పద్ధతి ప్రకారం నెగ్గిన కాగితాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటే పెద్దవాళ్ళు సంఘం వదిలిపోతారన్నాడు. తను దిగిపోయాక ఆ కుర్చీలో ఆమెనే కూర్చోబెట్టాలని అందరికీ చెప్పి ఉంచానని, అదీ గుర్తుంచుకోమన్నాడు. ఆ కుర్చీ మీద ఆమెకు ఆశ లేదంటే అబద్ధం. చాలా ఉంది.

మంగళవారం ఇద్దరూ వెళ్ళారు. పెద్ద సంస్థల తరఫున ఒకాయన కూడా వచ్చి కూర్చున్నాడు. నేవెంకా కాగితం అందుకుని, చదవకుండా పక్కన పెట్టి, ఎప్పటిలాగే గోడెలీవ్ వైపు తిరిగింది.

“అందరూ ఒప్పుకున్నారా?”

“ఎవరూ వద్దనలేదు,” అంది గోడెలీవ్.

నేవెంకా నిద్రమొహం కాస్త మేలుకుంది. “అది కాదు నేనడిగింది.”

ఒలివియే గొంతు సవరించుకున్నాడు. మా పద్ధతి ప్రకారం రెండూ ఒకటేనండీ అని పెద్ద సంస్థలాయన అందుకోబోయాడు. గోడెలీవ్ ఆయన్ని ఆగమన్నట్టు చెయ్యి చూపింది.

“గడువు వంతెన శుక్రవారం పెట్టాం. వద్దనాల్సినవాళ్ళు సముద్రం దగ్గరున్నారు. ఆ తేదీకి తలూపింది నేనే. ఇది మా పెద్ద సభ్యుల మాట, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, అవీ చెప్తాను. కానీ అందరం అని మాత్రం అనలేను.”

అన్నట్టే పెద్దవాళ్ళ కారణాలన్నీ చెప్పింది. పక్కనున్నాయన తను చెప్పినా అంత బాగా చెప్పలేడు. తర్వాత వాల్టర్ సంగతీ చెప్పింది. బయటికొచ్చాక ఒలివియే మెట్ల మీద ఆగిపోయాడు.

“నీకేమైనా మతిపోయిందా? రేపు వాళ్ళు వెళ్ళిపోతే మనకు జీతాలెవరిస్తారు?”

“వాళ్ళకేం, ఏ గదిలోకైనా పోయి మాట్లాడుకోగలరు. వాల్టర్‌కు మనం తప్ప ఎవరున్నారు చెప్పండి?”

ఒలివియే ఒంటరిగా టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాడు.

షరతు చట్టంలో నిలిచింది. చలికాలం రాకముందే ఇద్దరు పెద్ద సభ్యులు సంఘం వదిలారు. ఒలివియే దిగిపోయాక ఆ కుర్చీలోకి పారిస్ నుంచి ఎవరో వచ్చారు. గోడెలీవ్‌ని జిరాక్స్ మిషను పక్క గదిలోకి మార్చారు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చిందని తమ్ముడే తర్వాత చెప్పాడు. మర్నాడు మామూలుగానే వెళ్ళి ఫోన్లు మొదలుపెట్టింది. ఇలాంటి మనిషిని ఆ మూల గదిలో పడేసినవాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వసంతంలో మరో చట్టం వచ్చింది. వేరే సంఘం నుంచి సూటూ బూటూ వేసుకున్న ఒకాయన నేవెంకా దగ్గరికి నిగనిగలాడే కాగితం తెచ్చి, మా రంగమంతా ఏకమాట మీద ఉందన్నాడు. నేవెంకా కాగితం ముట్టుకోలేదు.

“గోడెలీవ్ అవునందా?”

ఆవిడ మా సంఘం కాదండీ అన్నాడాయన.

“తెలుసు. ఆవిడ దగ్గరికెళ్ళండి. అవునంటే అప్పుడు రండి.”

ఆ మధ్యాహ్నం ఆయన ఉడుకుతూనే జిరాక్స్ మిషను దాటుకుని ఆ గది ముందుకొచ్చి నిలబడ్డాడు, వచ్చిన పని చెప్పడానికి మొహమాటపడుతూ. గోడెలీవ్ విషయమంతా విని, కాగితం పక్కన పెట్టి, ఆయనకు కుర్చీ చూపించింది. ముందుగా మీవాళ్ళలో ఎవరెవరు అలిగారో చెప్పమంది.