పాడెకు పోయిన గోలు కర్రలు

ఆదోనిలో మా మిల్లు వెనక ఒకప్పుడు ఫుట్‌బాల్ సంఘం ఉండేదంటే ఇప్పుడు ఆ పేటవాళ్లే నమ్మరు. మైదానం ఉన్నచోట రేకుల గోడౌన్లు లేచి చాలా ఏళ్లయింది. అక్కడ ఆడినవాళ్లలో నాకు తెలిసి నేనొక్కణ్ణే మిగిలాను. పడుకునే ముందు డైరీ రాయడం నాకు చిన్ననాటి అలవాటు. ఆ కాలపు డైరీలు తిరగేస్తే ఎండల గురించి, కాటాల గురించి రాసుకున్న మాటల మధ్య ఆట కబుర్లు చాలా కనిపిస్తాయి. పేజీలు నిండేలా రాసుకున్నది మాత్రం ఒక్క రోజు గురించే.

మా ఆదోని బళ్లారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో కలిసిన కాలం అది. నేను ఒక పత్తి మిల్లులో తూకం గుమాస్తాగా ఉండేవాణ్ణి. మిల్లు వెనక పెద్ద ఖాళీ స్థలం ఉండేది. పత్తి దిగే కాలంలో అక్కడ కుప్పలు పోసేవాళ్లు. ఎండాకాలం చివర కుప్పలు తరిగిపోయాక, మళ్లీ పత్తి బండ్లు వచ్చేదాకా ఆ నేల మాది. గుంతకల్లు రైల్వేలో పనిచేసి మా మిల్లుకు వచ్చిన ఒక ఫిట్టరు తోలు బంతి తెచ్చి హమాలీలకు ఆట నేర్పాడు. బూట్లు ఎవరికీ లేవు. కాళ్లకు గరుసు నేల గీసుకుంటూనే ఆడేవాళ్లం. తుమ్మ మొద్దులు నాలుగు పాతి గోలు గుంజలు చేశాం. వాటి మీద అడ్డంగా కట్టడానికి రెండు పొడుగాటి వెదుళ్లు ఫిట్టరే ఎక్కడినుంచో తెప్పించాడు.

మా కెప్టెన్ మిల్లు ప్రెస్సులో పత్తి బేళ్లు మోసే హమాలీ. ముస్లిం. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, తక్కువ మాట. చిన్నాపెద్దా అందరూ ఆయన్ను భాయన్నా అనేవాళ్లు. రాత కోతలు వచ్చినవాణ్ణి కాబట్టి నన్ను రైటరన్నా అని పిలుస్తూ కార్యదర్శిని చేశారు.

పేరుకు ఆట సంఘమే అయినా పేటకు మేం వేరే పనులకే ఎక్కువ అవసరపడేవాళ్లం. పత్తికి నిప్పంటుకుంటే ముందు మోగేది మా ఈలే. అది వినగానే అందరూ బిందెలు పట్టుకుని వచ్చేవాళ్లు. పీర్ల పండుగనాడు తాళ్లు పట్టి జనాన్ని ఆపేది మేమే. నడవలేని రోగిని మంచంతో సహా ఆసుపత్రికి మోసేదీ మేమే.

చావులకు వెళ్లడం ఎలా మొదలైందో నాకు బాగా గుర్తు. మిల్లు యంత్రం పట్టాకు చిక్కి ఒక కూలీ చనిపోయాడు. ఊళ్లో అతనికి నా అన్నవాళ్లు లేరు. పాడె కట్టడానికి వెదురు కావాలి. మా మెట్టనేలల్లో వెదురు పెరగదు, ఆ రోజు కలప అడితీలో కూడా దొరకలేదు. ఫిట్టరు మైదానానికి పోయి రెండు వైపులా గోలు అడ్డకర్రలు విప్పుకొచ్చాడు. గోలుకొకటి చొప్పున రెండు కర్రలు, పాడెకూ రెండే. సరిగ్గా సరిపోయాయి. ఆ పాడెను ఆటగాళ్లే మోశారు.

అప్పటినుంచి అదే కట్టుబాటైంది. ఆటగాడి ఇంట్లో ఎవరు పోయినా గోలు కర్రలే పాడె కర్రలు. వల్లకాటికి పోయిన వెదురు తిరిగి రాకూడదు కాబట్టి మూడోనాటికి కొత్తవి కొనేవాళ్లం. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు ముందుగా వాటి మీద చెయ్యి వేయాలి. ఆ తర్వాతే వాటిని గుంజలకు కట్టడం, బంతిలో గాలి నింపడం. అంతవరకు గాలి తీసేసిన బంతిని ఎవరూ ముట్టకూడదు. ముస్లింలకు శవాన్ని మోసే జనాజా మసీదు నుంచి వచ్చేది. అయినా వాళ్లింట్లో చావైతే కర్రలు దించి పక్కన పెట్టేవాళ్లం.

ఏటా తొలకరి తర్వాత ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల జట్టుతో మాకు పెద్ద పందెం ఉండేది. కప్పు ఉండేది కాదు. వాళ్లు నేసి తెచ్చిన దుప్పటి ఒకటి ఉండేది, గెలిచినవాళ్లకు అది. పత్తి మా ఊరిది, నేత వాళ్లది. ఎక్కువసార్లు అది వాళ్ల బస్సులోనే వెనక్కి పోయేది.

ఆ ఏడు ఎండల్లో మిల్లు సావుకారు నన్ను పిలిపించాడు. బొంబాయి నుంచి కొత్త భాగస్వామి వస్తున్నాడనీ, వెనక స్థలంలో గోడౌన్లు కట్టాలని ఆయన పట్టుపడుతున్నాడనీ చెప్పాడు.

"నాకైతే ఆ స్థలం మీకుంటే మేలే. నిప్పంటుకున్నప్పుడు మీరే గదా వచ్చేది. ఆయప్పకు నేను సెప్తే నమ్మడు, కండ్లతో సూడాల. ఎమ్మిగనూరోళ్ల ఆట పెట్టుకున్న దినం పిల్చుకొస్తా. జనాన్ని సూస్తే మెత్తపడతాడేమో. ఆ ఒక్క దినమే ఈడుంటాడు. యాదుంచుకో."

ఆ మాట జట్టుకు చెప్పాను. ఆ ఒక్క సాయంత్రం మీద మైదానం నిలబడి ఉందని అందరికీ తెలుసు. గుంజలకు సున్నం కొట్టారు. రాళ్లేరారు. పనినుంచి వచ్చి చీకటి పడేదాకా ఆడేవాళ్లు.

పందెం రోజు తెల్లవారుతుండగా, గోలు ముందు కాపు కాసే మా బ్యాకు ఆటగాడు చనిపోయాడు. అతను పత్తి గింజలు తీసే జిన్నులో పనిచేసేవాడు. దూది దుమ్ముకు రెండేళ్లుగా దగ్గు. ఆ వారం సాధనకు దిగకుండా గట్టున కూర్చుని చూశాడు, పందెం నాటికి దిగుతానన్నాడు. నేను వాళ్లింటికి వెళ్లేసరికి భాయన్న అప్పటికే మైదానానికి పోయి అడ్డకర్రలు విప్పి భుజాన వేసుకుని వస్తున్నాడు. మమ్మల్నెవర్నీ అడగలేదు.

చనిపోయినవాడి తల్లి హొళగుంద దగ్గర పల్లెలో ఉండేది. కబురు పోయింది. ఆమె వచ్చేదాకా శవాన్ని ఎత్తరు. సాయంత్రం కావచ్చన్నారు. అంటే పందెం వేళకు శవం ఇంకా ఇంటి ముందే ఉంటుంది.

మధ్యాహ్నం ఎమ్మిగనూరు బస్సు వచ్చింది. వాళ్ల కెప్టెన్ సన్నటి నేతగాడు, నోటి దురుసు మనిషి. దిగుతూనే, పాడె కొలతకు నరికించుకుని వస్తున్న భాయన్న భుజం మీద కర్రలు చూశాడు.

"ఏం భాయన్నా, ఈసారన్నా గోలు కొడ్తారా? ల్యాకుంటే కర్రలే మోసుకుంటా తిరుగుతారా?"

"మోసేదే లేప్పా. మా బ్యాకు తెల్లారి పోయినాడు."

నేతగాడు బస్సు మెట్టు మీదే ఆగిపోయాడు. చంకలో ఉన్న దుప్పటిని ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "యాడుండాడు?" అని అడిగాడు.

ఇంటి ముందు వేపచెట్టు కింద రెండు జట్లూ కూర్చున్నాయి. మా గోల్‌కీపరు నా పక్కకు జరిగి మెల్లగా అన్నాడు.

"రైటరన్నా, తల్లి రావాలంటే పొద్దు వాలుతాది. అంతలో ఆట అయిపోతాది గదా. కర్రల్లేకుంటే తాడు కట్టి ఆడుకోవచ్చు. నువ్వే సెప్పు భాయన్నకు."

నాకూ అదే ఆలోచన తిరుగుతోంది. భాయన్న దగ్గరికి పోయి, సావుకారు చెప్పింది ఇంకోసారి గుర్తు చేశాను. ఈ ఒక్కరోజు చేజారితే మైదానం పోతుందన్నాను.

"పోతాదని నాకు తెల్దా అప్పా? పందెం ఎవురితో ఆడేది? మన బ్యాకు ఈడ పండుకోనుండాడు."

"పదిమందితో ఆడొచ్చు," అన్నాను.

"ఆడొచ్చు. ఆయమ్మ హొళగుంద నుంచి వచ్చే దావ మైదానం పక్కనుంచే గదా. కొడుకు సచ్చిన దినం వాని జట్టు ఈలేసుకుంటా ఎగుర్తాంటే సూస్తా రావాల్నా?"

ఎమ్మిగనూరు కెప్టెన్ వైపు చూశాను. వాళ్లకు మా మైదానంతో పని లేదు, వాళ్లైనా ఆడదామంటారేమోనని ఆశ. అతను చొక్కా మీద వేసుకున్న జట్టు బనియను విప్పి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆదోనోళ్లతో ఆడి గెలిస్తే గెల్చినట్లుండల్ల. ఈ పొద్దు గెలిస్తే ఏముంటాది," అన్నాడు.

సావుకారుకు చెప్పడానికి నన్ను పంపారు. నేను వెళ్లేసరికి జనం గట్ల మీద కూర్చుని ఉన్నారు, ఆట లేదని ఇంకా తెలియదు. సున్నం కొట్టిన గుంజలు బోసిగా నిలబడి ఉన్నాయి. బొంబాయి భాగస్వామి తెల్ల టోపీ పెట్టుకుని కారు పక్కన నిలబడ్డాడు. నేను విషయం చెప్పాను. సావుకారు దాన్ని హిందీలో ఆయనకు చెప్పాడు. ఆయన మర్యాదగానే విన్నాడు. చనిపోయినవాడికి ఎంతమంది పిల్లలని కూడా అడిగాడు. తర్వాత అడుగులు వేస్తూ మైదానం ఈ కొసనుంచి ఆ కొసకు నడిచాడు. కొలుస్తున్నాడని నాకు అర్థమైంది.

సావుకారు నాతో తల తిప్పుకునే అన్నాడు.

"ఆట సూపిచ్చండి అంటి గదప్పా. నేనేమి సేసేది ఇంక."

పొద్దు వాలుతుండగా తల్లి వచ్చింది. బండి మైదానం పక్కనుంచే వచ్చింది. అప్పటికి జనం లేరు, మేత మేస్తున్న రెండు గొర్రెలు తప్ప. ఆమె కన్నడంలో ఏడుస్తూ దిగింది. ఎమ్మిగనూరువాళ్లు పందేనికి తెచ్చిన దుప్పటిని శవం మీద కప్పారు. రెండు జట్లూ భుజాలు మార్చుకుంటూ మోశాయి. ఆమె మా వెనకే నడిచింది. ఆట సంగతి, మైదానం సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదనుకున్నాం.

మూడోనాడు కొత్త వెదుళ్లు తెచ్చాం. తల్లి వాటి మీద చెయ్యి వేసింది. ఎందుకో ఆమెకు తెలియదు, భాయన్న చెప్పినట్లు చేసింది. వాటిని ఎత్తుకుని మైదానానికి పోయేసరికి మిల్లు కూలీలు గుంజలు పెరికేశారు. గుంతల పక్కన పచ్చిమట్టి కుప్పలుగా ఉంది. పెరికినవాళ్లలో మా జట్టువాళ్లే ఇద్దరు ఉన్నారు, పనికి పిలిస్తే రాక తప్పలేదు. వాళ్లు మమ్మల్ని చూసి పారలు కింద పెట్టారు.

"కానీలేప్పా, మీరేం సేస్తారు," అని భాయన్న కర్రలు తిప్పుకుని ఇంటికి తీసుకుపోయాడు. వాటిని వసారా చూరులోకి దోపాడు. బంతిలో గాలి నింపలేదు.

సంఘం ఆ రోజు ఆగిపోయిందని ఎవరూ అనలేదు. వేరే స్థలం చూద్దామన్నారు. చూశాం కూడా. ఒకటి దూరం, ఇంకొకటి రాళ్లు. ఫిట్టరు గుంతకల్లు వెళ్లిపోయాడు. మరుసటి తొలకరికి ఎమ్మిగనూరువాళ్లు ఉత్తరం రాశారు, పందెం ఎక్కడ పెడుతున్నారని. జవాబు రాయడానికి కూర్చుని, తేదీ మాత్రం వేసి ఆ కాగితాన్ని మడిచి డైరీలో పెట్టాను.

చావులకు మాత్రం మేం వెళుతూనే ఉన్నాం. రానురాను మనుషులు తగ్గారు. ఒకసారి పదకొండుమందిని కూడగట్టలేక నేను విసుక్కుంటే భాయన్న నవ్వాడు.

"ఆటకు పదకొండు మంది గావాల గానీ దీనికి నలుగురు సాలు లేప్పా."

ఆ తర్వాత గోల్‌కీపరు తండ్రి పోయాడు. భాయన్న చూరులోంచి ఆ రెండు వెదుళ్లు తీశాడు. అవి ఒక్కరోజు కూడా గోలు మీదికి ఎక్కలేదు. కొసల్లో చూరు మసి పట్టి నల్లబడ్డాయి. గోడౌన్ల గోడ పక్కనుంచే పాడె తీసుకుపోయాం. ఎమ్మిగనూరు నుంచి నేతగాడొక్కడే వచ్చాడు, చంకలో తెల్లటి కొత్త గుడ్డ పెట్టుకుని. మాతోపాటు మోశాడు. వల్లకాటిలో కర్రలు వదిలేసి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాం.

మూడోనాడు గోల్‌కీపరు భాయన్న వసారాలోకి వచ్చి చూరు కింద నిలబడ్డాడు. చెయ్యి వేయడానికి అక్కడ కర్రలు లేవు. మాలో ఎవరం కొత్తవి కొనలేదు.