కళ్లకద్దుకున్న పిస్టల్

మా ఇంట్లో మా ఆయన తెరవలేని బీరువా ఒకే ఒక్కటి ఉంది. పడకగదిలో గోడకు బిగించిన ఇనప్పెట్టె అది. దాని నంబరు నాకొక్కదానికే తెలుసు. ఇక్కడి చట్టం అలాంటిది. లైసెన్సు ఎవరి పేరున ఉంటే నంబరు వాళ్ల మనసులోనే ఉండాలి. ఏడో తరగతితో బడి మానేసి, నాన్న పక్కన రెండో కుట్టుమిషను మీద కూర్చున్న పిల్లకు జర్మనీలో ఒక పిస్టల్ ఉందంటే మా వాళ్లెవరూ నమ్మరు. నమ్మకపోతే మానె. అదెలా వచ్చిందో చెబుతాను.

కరోనా వచ్చిన మొదటి ఎండాకాలం. మేం జర్మనీ వచ్చి అప్పటికి ఆరేళ్లు దాటింది. వాల్డార్ఫ్ దగ్గర ఒక చిన్న ఊళ్లో, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. పడకగదిలో మా ఆయన మీటింగులు, హాల్లో మా అమ్మాయి ఆన్‌లైన్ బడి. నాకు మిగిలింది వంటిల్లు. మిక్సీ వేస్తే ఇద్దరూ ఒకేసారి అరిచేవాళ్లు, ఒకరు తెలుగులో, ఒకరు జర్మన్‌లో. వాళ్ల అరుపులు పడలేక, వంట కాగానే చెప్పులేసుకుని ష్పార్గెల్ అనే కాడల కూర పండే పొలాల గట్ల మీద నడవడానికి పోయేదాన్ని. ఒక శనివారం, పొలాల చివర చెట్ల వెనక నుంచి చాకిరేవులో బట్టలు ఉతుకుతున్నట్టు చప్పుడు వినిపించింది. టప్. కాస్త ఆగి మళ్లీ టప్.

చప్పుడు పట్టుకుని పోతే పెంకుల కప్పున్న పొడవాటి ఇల్లు, గుమ్మం ముందు ఎర్ర పూల కుండీలు. మాస్కు గడ్డం కిందికి జారిపోయిన ఒక పెద్దాయన కుండీలకు నీళ్లు పోస్తున్నాడు. నన్ను చూసి గబగబా మాస్కు పైకి లాక్కున్నాడు. నేను చెవి చూపించి, ఏమిటా చప్పుడని చేత్తో అడిగాను. తలుపు తెరిచి చూపించాడు. లోపల ఎదురు గోడకు వరుసగా కాగితాలు, ప్రతి కాగితం మీదా నల్లటి గుండ్రం. అది ఊరివాళ్ల షూటింగ్ క్లబ్బు. ఆయన అక్కడ నేర్పించే మనిషి.

ఇంటికొచ్చి, నేను చేరతానన్నాను.

"నువ్వా? బొద్దింక కనవడితే స్టూలెక్కి కూసుంటవ్. నువ్వు తుపాకి పేలుస్తవా?" అన్నాడు మా ఆయన.

"బొద్దింక ఉర్కుతది. కాయితం ఉర్కదు గదా," అన్నాను.

మొదట గాలి పిస్టల్ ఇచ్చారు, మిరియపు గింజంత సీసం ముక్క పేల్చేది. ఎవరైనా మీటరున్నర దూరంలో నిలబడాల్సిన రోజులు. చెయ్యి పట్టుకుని నేర్పడానికి లేదు. అందుకని పెద్దాయన ఒక చీపురు కర్ర తెచ్చుకున్నాడు. నా మోచేయి దిగితే కింద నుంచి కర్రతో ఎత్తేవాడు. భుజం బిగిస్తే దాని మీద రెండుసార్లు తట్టేవాడు. ఆ కర్ర చెప్పిన మాటలన్నీ ఇప్పటికీ నా చేతికి గుర్తున్నాయి.

చలికాలం వచ్చేసరికి కరోనా పెరిగి క్లబ్బు మూతపడింది. నేను వంటింట్లోనే సాధన పెట్టుకున్నాను. కుక్కరు పొయ్యి మీద పెట్టి, నీళ్లు నింపిన స్టీలు చెంబును చేయి చాచి పట్టుకునేదాన్ని. మొదట్లో ఒక్క విజిలుకే చెయ్యి వణికేది. పోనుపోను మూడు విజిళ్లూ నిలిచింది, పప్పూ ఉడికింది. లైసెన్సుకు ముందు పరీక్ష ఒకటి ఉంటుంది, అంతా జర్మన్‌లోనే. మా అమ్మాయి ఒక్కో ప్రశ్నా చదివేది, నేను చపాతీలు ఒత్తుతూ జవాబు అప్పగించేదాన్ని.

"అమ్మా, నీకు అర్థమైతుందా? పద్యంలెక్క ఒప్పజెప్తున్నవా?"

"ముందు నోటికి రానీ బిడ్డా. అర్థం దాని ఎనకాల్నే వస్తది."

అలాగే వచ్చింది. పరీక్ష పాసయ్యాను. ఇక మిగిలింది ఒక్క కాగితం. ఈమె క్రమం తప్పకుండా వస్తోంది, ఈమె చేతిని నమ్మవచ్చు అని పెద్దాయన సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే ఆఫీసువాళ్లు లైసెన్సు కార్డు ఇవ్వరు, కార్డు లేనిదే పిస్టల్ లేదు.

ఎందుకంత పట్టుదల అని మా ఆయన చాలాసార్లు అడిగాడు.  నా చేతి కోసమని నేను ఎంచుకుని కొనుక్కున్నది జన్మలో ఒక్కటే వస్తువు, పదమూడో ఏట కొన్న కత్తెర. నాన్న నన్ను కొట్టుకు తీసుకుపోయి, మెరుపు చూడొద్దు, కళ్లు మూసుకో అన్నాడు. ఒక్కో కత్తెరా చేతిలో పెట్టి పదిసార్లు ఆడించమన్నాడు. "ఏది నీ చెయ్యి అయితదో గదే నీది బిడ్డా," అన్నాడు. ఆ తర్వాత చీరలు ఎవరో తెచ్చారు, గాజులు ఎవరో తొడిగారు, ఇల్లు ఎవరో చూశారు. చేతిని అడిగి తెచ్చుకున్నది మాత్రం మళ్లీ ఏదీ లేదు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది, క్లబ్బు తెరిచారు. ముక్కులో పుల్ల పెట్టి టెస్టు చేయించుకున్నవాళ్లనే లోపలికి రానిచ్చేవారు. ఆ శనివారం మా ఆయనా, అమ్మాయీ కూడా వచ్చి అద్దం వెనక నిలబడ్డారు. పెద్దాయన బల్ల మీద క్లబ్బు పిస్టళ్లు రెండు పెట్టాడు. ఏ సైజు తూటా పిస్టల్ కావాలో ఫారంలో ముందే రాయాలట, అందుకే ఆ రోజు నా చేతిని అడగాలన్నాడు. రెండూ ఒక తీరువే. పైనున్న స్లైడు, అంటే ఇనప తొడుగు, మొదటిసారి మనం వెనక్కి లాగి వదలాలి. తర్వాత ప్రతి పేలుడుకూ అదే పోయి వచ్చి ఇంకో తూటా ఎక్కించుకుంటుంది.

మొదటిది తొమ్మిది మిల్లీమీటర్లది, నల్లగా నిగనిగలాడుతోంది. అద్దం వెనక మా ఆయన ముఖం వెలిగిపోయింది. నేను స్లైడు లాగాను. రాలేదు. ఇరవై ఏళ్లు కత్తెర నొక్కిన బొటనవేలు నాది, అయినా స్లైడు మూడోసారికి గానీ కదల్లేదు. పేలిస్తే చెయ్యి గుర్రం తన్నినట్టు లేచింది. రెండో తూటాకు అది పేలకముందే కళ్లు మూసుకున్నాను. పక్కకు వస్తే మా ఆయన, "అలవాటైతదే. తుపాకంటే గది. ఆ చిన్నది పిట్టల్ని బెదిరించేది," అన్నాడు.

"పిట్టల్నే బెదిరిస్తగానీ, మీరు ఊకోండి."

రెండోది పాయింట్ ట్వంటీ టూ. సన్న తూటా, పాత ఉక్కు, చెక్క పిడి. స్లైడు రెండు వేళ్లకే వచ్చింది. ఐదు పేల్చాను. తన్నడం లేదు, భుజం తట్టినట్టుంది అంతే. ఐదు చిల్లులూ అరచేతిలో పట్టేంత చోటులో పడ్డాయి. నా ప్రాణం ఎక్కడికో పోయింది. నాన్న కొట్టూ, సుద్ద వాసనా, కొత్త కత్తెరా. పని చక్కగా చేసిపెట్టిన వస్తువును మేం ఏం చేస్తామో అదే చేశాను. పిస్టల్‌ను ఎత్తి కళ్లకద్దుకోబోయాను.

"హాల్ట్!"

లోపల ఇంకా రెండు తూటాలున్నాయి. గొట్టం పక్క మనిషి మీదుగా తిరిగి నా నుదుటి దాకా వస్తోంది. పెద్దాయన చీపురు కర్రను నా మణికట్టు కింద పెట్టి చెయ్యిని టార్గెట్ వైపుకు నెట్టేశాడు. పిస్టల్ బల్ల మీద పెట్టించి, తూటాలు తీసేసి, కుర్చీలో కూలబడ్డాడు.  పక్క వరుసల్లోవాళ్లంతా తుపాకులు దించేసి నన్నే చూస్తున్నారు.

"ఈ చేతికి నేను సంతకం పెట్టలేను," అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

కారు ఎక్కాం. "నా గుండె ఆగినంత పనైంది. ఇగ మనకొద్దే గది," అన్నాడు మా ఆయన. అమ్మాయి వెనక సీట్లో ఏడుస్తూ, "దస్ గేట్ గార్ నిష్ట్, అమ్మా! అట్ల అస్సలు చెయ్యొద్దు! అసలు ఎందుకట్ల చేసినవ్?" అంది.  పుస్తకానికి కాలు తగిలితే చెయ్యి దానంతటదే కళ్ల దగ్గరికి పోదూ?

మరుసటి శనివారం నా కత్తెర చీరముక్కలో చుట్టుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని పోయాను. పెద్దాయన పూలకుండీల దగ్గరే ఉన్నాడు. తోట బల్ల మీద కత్తెర పెట్టి, దాన్ని ఎత్తి కళ్లకద్దుకుని చూపించాను. రోజూ పొద్దున ఇలా మొక్కనిదే నాన్న గుడ్డ ముట్టుకోనిచ్చేవాడు కాదని, అన్నం పెట్టే వస్తువును ఇలాగే తలుస్తామని చెప్పాను. అమ్మాయి జర్మన్‌లో చెబుతుంటే ఆయన కత్తెర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు, రెండుసార్లు ఆడించాడు.

"మూసిన కత్తెర కోయదు," అన్నాడు. "పిస్టల్ మూసి ఉందో లేదో చూపుకు తెలియదు. నీ మర్యాద నాకు అర్థమైంది, తూటాకు అర్థం కాదు." కత్తెర నా చేతికి తిరిగిస్తూ, "మీ నాన్నకు ఎత్తలేనంత బరువైన పనిముట్టు ఏదీ లేదా? దానికెలా మొక్కేవాడు?" అని అడిగాడు.

 కుట్టుమిషను! దాన్నెవరు ఎత్తుతారు? నాన్న రెండు వేళ్లతో చక్రాన్ని తాకి, ఆ వేళ్లను కళ్లకద్దుకునేవాడు. అదే చేసి చూపించాను.

"అది నేర్చుకో. నేర్చుకున్నావని నాకు నమ్మకం కుదిరితే చూద్దాం," అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు తూటా ఇవ్వలేదు. ప్రతి శనివారం ఖాళీ పిస్టల్ తీసుకోవడం, గురి పెట్టడం, గొట్టం టార్గెట్ వైపే ఉండేటట్టు బల్ల మీద దించడం, చెయ్యి పూర్తిగా వదిలేసి వెనక వైపు రెండు వేళ్లతో తాకడం, వేళ్లు కళ్లకద్దుకోవడం. పక్కవాళ్లు టపటపా పేల్చుకుంటుంటే నేను మూగనోము పట్టినట్టు దించుతూ ఎత్తుతూ ఉండేదాన్ని. మొదట్లో చెయ్యి కాస్త పైకి లేవబోయేది, అంతలోనే కర్ర వచ్చి కూర్చునేది. ష్పార్గెల్ ఆకులు పసుపు రంగుకు తిరిగేదాకా, గుమ్మడికాయలు రోడ్డు పక్కన అమ్మకానికొచ్చేదాకా అదే పని.

ఒక రోజు చెప్పాపెట్టకుండా ఐదు తూటాలు చేతికిచ్చాడు. పేల్చాను. ఐదూ నల్ల గుండ్రంలోనే పడ్డాయి. "బ్రావో! గొప్పగా కొట్టావు!" అని గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ మనిషి అంతకుముందు ఎన్నడూ చప్పట్లు కొట్టగా చూడలేదు. ఆనందం కట్టలు తెగినప్పుడు చెయ్యి ఏం చేస్తుందో చూడాలని అట్లా కొట్టాడని నాకు తర్వాత తెలిసింది. చెయ్యి పిస్టల్‌ను తిన్నగా బల్ల మీదికి దించి, వదిలి, తాకి, కళ్లకద్దుకుంది. తిరిగి చూస్తే పెద్దాయన జేబులో పెన్ను వెతుక్కుంటున్నాడు.

కార్డు వచ్చాక దుకాణానికి పోయాం. టెర్మిన్, అంటే ముందే టైము తీసుకోవాలి, ఇద్దరినే రానిస్తారు. మా ఆయన వచ్చాడు. ప్లాస్టిక్ తెర వెనక దుకాణదారు మూడు పిస్టళ్లు పెట్టాడు, మూడూ ట్వంటీ టూలే. ఒకటి నల్లగా, ఆ తొమ్మిది మిల్లీమీటర్లదానికి తమ్ముడిలా ఉంది. మా ఆయన మోచేత్తో పొడిచి, "గిదే, గిదే," అన్నాడు. రెండోది పోటీలకు పోయేవాళ్లది, దాని చెక్క పిడిలో నా చెయ్యి తప్పిపోయింది. మూడోది ఎవరో వాడి అమ్మింది, పిడి అంచు కాస్త అరిగింది.

ఖాళీగా ఉన్నాయని చూసుకుని, ఒక్కోదానికీ స్లైడు పదిసార్లు లాగాను. తర్వాత గోడ మీది గురి బొమ్మకు ఎదురుగా నిలబడి కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తాను. కళ్లు తెరిచి చూస్తే నల్లదాని ముక్కు ఆకాశం చూస్తోంది. అరిగిన పిడిదాని ముక్కు మాత్రం బొమ్మ నడుమకు వచ్చి కూర్చుంది. ఇంకోసారి చేశాను, మళ్లీ అక్కడే.

"పాతదానే?" అన్నాడు మా ఆయన.

"నన్నడగకుండ్రి. చెయ్యినడగండి."

ఆయన నా చెయ్యి వైపు వంగి, "అమ్మా, నిజమేనా?" అని అడిగాడు. దుకాణదారుకు ఏమీ అర్థం కాకపోయినా నవ్వాడు.

ఆ శనివారమే దాన్ని పెట్టెలో పెట్టుకుని క్లబ్బుకు తీసుకుపోయాను. పెద్దాయన తిప్పి చూసి, స్లైడు ఒకసారి లాగి, మంచిదన్నట్టు తల ఊపి నా ముందు బల్ల మీద పెట్టాడు. వరుసలో అందరూ తూటాలు ఎక్కించుకుని సిద్ధంగా ఉన్నారు. ఆయన కేక వేస్తే అందరం మొదలుపెట్టాలి. నేను కూడా తొందరపడి తూటాల డబ్బా తెరిచాను. కేక రాలేదు. వెనక్కి తిరిగి చూశాను. ఆయన చీపురు కర్ర మీద రెండు చేతులూ ఆనించి, మాస్కు పైనుంచి నన్నే చూస్తూ ఆగి ఉన్నాడు.

"ముందు నీ పని కానీ," అన్నాడు. "మేం ఆగుతాం."

అందరూ ఆగారు. నేను రెండు వేళ్లతో పిస్టల్‌ను తాకి, కళ్లకద్దుకున్నాను. అప్పుడు కేక వేశాడు.