అందరూ అంటే ఎంతమంది?

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మాట మీద నిషేధం ఉండేది. తిట్టు కాదు, తిట్లకైతే తాతయ్య నవ్వేసేవారు. ‘అందరూ అంటున్నారు’ అన్న మాట చెవిన పడితే మాత్రం విస్తరి ముందు కూర్చున్నా చెయ్యి ఆపేవారు. ఊరూరా సభల్లో జ్యోతిష్కులతో వాదించి వచ్చిన మనిషి. ఎవరన్నారో చెప్పండి, వాళ్ళతోనే మాట్లాడతాను అనేవారు.

ఒక్కొక్కరికి ఒక్కో మాట చిరాకు. మా మనవరాలికి ‘బేసిగ్గా’ అంటే ఒళ్ళు మంట. మా అబ్బాయికి ‘చూద్దాంలెండి’ అంటే పడదు. నాకు తాతయ్య చిరాకే వచ్చింది, అయితే ఊరికే రాలేదు.

మాది కంకిపాడు దగ్గర పల్లె. ఆవకాయల రోజుల్లో ముక్కలు కొట్టుకోవడం, కారాలు దంచుకోవడం ఎవరింట్లో వాళ్ళే చేసుకున్నా, కలపడానికి మాత్రం ‘మంచి చెయ్యి’ కావాలని మా వీధి నమ్మకం. ఆ మంచి చెయ్యి పక్కింటి అక్కది. భర్త వదిలేస్తే పుట్టింటికి చేరిన మనిషి. ఏడాదంతా ఆమెను చూసి ‘పాపం’ అనేవాళ్ళే ఆ నెల రోజులూ నువ్వొస్తేగానీ జాడీ నిండదంటూ గుమ్మంలో నిలబడి బతిమాలేవారు. అక్క తల ఎత్తుకు తిరిగే కాలం అదొక్కటే.

ఒక ఏడు వానలు మొదలయ్యాక నాయనమ్మ జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పితే ఆవకాయ మీద తెల్లగా బూజు. ఆ తర్వాత చింతకాయ పచ్చళ్ళ రోజులొచ్చాయి, అక్కను ఒక్కరూ పిలవలేదు. ఓ ఉదయం ఆమె పిట్టగోడ దగ్గర నన్ను ఆపి, “ఏమే, మీ నాయనమ్మ ఇంకా చింతకాయలు తెప్పించలేదా?” అని అడిగింది.

“నిన్ననే దంచేశారక్కా. నీ చెయ్యి మంచిది కాదని అందరూ అంటున్నారుగా.”

అక్క చెయ్యి పైటకు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ చేతికి తడి లేదు, మట్టీ లేదు. ఎందుకు తుడుచుకుందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

వరండాలో ఉన్న తాతయ్యకు ఇదంతా వినబడింది. “అందరూ అంటే ఎంతమందే?” అన్నారు. అందరూనే అన్నాను. “అయితే పలక పట్టుకుని బయల్దేరు. నీకెవరు చెప్పారో వాళ్ళ పేరు రాసి, వాళ్ళకెవరు చెప్పారో అడుగు. ఆఖరి పేరు దొరికేదాకా ఇంటికి రాకు.”

నాకు చెప్పింది ఎదురింటి అత్త. ఆవిడ గతుక్కుమని, తనదేం లేదని, పాలావిడ అంటే విన్నానని చెప్పింది. పాలావిడ, “నన్నెందుకమ్మా ఇందులోకి లాగుతావు, టీచరమ్మగారు అన్నారు” అంది. టీచరమ్మగారు కళ్ళజోడు తీసి, “మీ నాయనమ్మగారే కదే, కాలువ రేవులో చెప్పారు” అన్నారు. వీధంతా నిండిన మాట మూడిళ్ళు దాటి మా ఇంటికే వచ్చింది.

నాయనమ్మ కస్సుమంది. “నేనేం పుట్టించలేదు. మనింట్లో ఎవరూ జాడీ ముట్టలేదు, ఇక కలిపిన చెయ్యే అయ్యుంటుంది అన్నాను. నువ్వేగా ఒట్టేశావు, ముట్టలేదని.”

నిజమే, ఒట్టేశాను. ఎండాకాలం సెలవుల్లో కాలువలో మునిగొచ్చి, నీళ్ళు కారుతున్న చేత్తోనే ఆ జాడీలోంచి ముక్క తీసుకు తిన్నది నేనే. వాసెన మళ్ళీ వంకరగా కట్టిందీ నేనే. తన్నులకు భయపడి చెప్పిన ఒక్క అబద్ధానికి, అవతల ఒక మనిషి చేతినే తప్పుపట్టారు.

పలక మీద నాలుగు పేర్ల కింద నా పేరు రాసి తాతయ్యకు చూపించాను. కొడతారనుకున్నాను. “దారి తెలుసుగా. మళ్ళీ అదే దారిన తిరిగిరా. ఈసారి అడగొద్దు, చెప్పు” అన్నారు.

నాయనమ్మతో మొదలుపెట్టి అన్నిచోట్లా చెప్పాను. చివరికి అక్క దగ్గరకు వెళ్ళాను. చాటలో బియ్యం ఏరుతోంది. చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. అక్క అంతా విని, “ముక్క ఎలా ఉందే?” అంది.

“బాగుందక్కా.”

“మరి నా చేతికేమయిందే, దొంగ మొహమా” అని నవ్వింది. ఆ నవ్వులోనే ఆమె కళ్ళు తుడుచుకోవడం చూశాను.

వారం తిరక్కుండా టీచరమ్మగారు ఉసిరికాయ పచ్చడికి కబురంపారు. నాయనమ్మ తనే వెళ్ళి పిలుచుకొచ్చింది. ఎదురింటి అత్త మాత్రం వచ్చే వేసవిదాకా ‘ఏమో’ అంటూనే ఉంది. మూఢనమ్మకానికి పెద్ద పెద్ద గ్రంథాలు అక్కర్లేదు. ఒక పిల్ల పిరికితనం, నలుగురి బద్ధకం చాలు. దాన్ని కూల్చడానికి కూడా గొప్ప ఉపన్యాసాలేం అవసరం పడలేదు, ఒక పూట నడిస్తే సరిపోయింది.

ఇప్పుడు విజయవాడలో అపార్టుమెంటులో ఉంటున్నాను. మోకాళ్ళు మాట వినవు. కొత్తగా వచ్చిన పనమ్మాయి గురించో, కింది వాటాలో ఒంటరిగా ఉండే ఆవిడ గురించో ‘అందరూ అంటున్నారండీ’ అని ఎవరైనా మొదలుపెడితే, ముందు ఆ మాటలో నా పాలెంతో చూసుకుంటాను. తర్వాత చెప్పులు వేసుకుని లిఫ్టు ఎక్కుతాను. ఇన్నేళ్ళలో ఆ ‘అందరూ’ కాపురముండే ఇల్లు నాకు ఎక్కడా కనబడలేదు. తలుపు తట్టిన ప్రతిచోటా ఒక్క మనిషే తలుపు తీస్తారు. ఒక్క మనిషితో ఎప్పుడూ మాట్లాడవచ్చు.