శుక్రవారం ఆగిన ప్రతిష్ఠ

మొన్న ఫాల్గుణంలో, మంగళవారం పదీ ఇరవైకి, వరంగల్‌లో కేసముద్రం బస్సెక్కాను. పక్కసీటావిడ కాళ్ల దగ్గర గోనెసంచిలో రాతి అమ్మవారు కనిపించింది.

"దేవతను కాళ్ల దగ్గర పెట్టారేమిటి?" అన్నాను.

"ఇప్పుడు రాయే గదమ్మా. మా ఇంటి గుళ్లె శుక్రవారం పంతులు పానం పోస్తడు. ఇగ అప్పటిసంది దినాం బువ్వ పెట్టాలె, నేను ఊరు దాటుడు బంద్."

వరంగల్ పక్కనే సుబేదారిలో ఉన్న కూతురికి ఎనిమిదో నెలని కూడా చెప్పింది.

"మరి కాన్పుకు?"

"గదే ఫికర్. దవాఖాన దూరమని అల్లుడు మా ఊరికి పంపనంటాండు."

అంటే ఈవిడే వెళ్లి కూతురి దగ్గర మూడు నెలలైనా ఉండాలి: కాన్పుకు ముందు ఒకటి, తర్వాత రెండు. ఆ మాటే అన్నాను.

ఆమె ఫోన్ తీసింది. "పంతులూ, శుక్రవారం వద్దు. బిడ్డ కాన్పయి లేచేదాక అమ్మ జర రాయిలెక్కనే ఉంటది. రాయికి ఆకలి గాదు గద."