అన్న ఊపిరి తీసుకున్న చోటు

కట్టుడు పళ్ళు చేసే అతన్ని వీధిలో అందరూ పళ్ళాయన అనేవారు. పగలంతా మైనం కరిగించి, అచ్చులు పోసి, ఎవరెవరి నవ్వులనో చేతుల్లో అరగదీసేవాడు. ఇంటికొచ్చి, వేళ్ళకంటిన తెల్లపొడి కడుక్కోగానే చనిపోయిన అన్న ట్రంపెట్ తీసేవాడు.

అన్న ఒక ఆర్కెస్ట్రాలో ఊదేవాడు. ఉద్యోగాలు చేసుకుంటూ ఇష్టంకొద్దీ వాయించేవాళ్ళ గుంపు అది. ఆయన కుర్చీ ఖాళీ అయ్యాక తమ్ముడు ఒక మాస్టారి దగ్గర నేర్చుకుని అందులో కూర్చున్నాడు. ఈ ఆదివారం రిహార్సల్లో తనొక్కడే ఊదాల్సిన సోలో సరిగ్గా పలక్కపోతే ఆ కుర్చీని, ట్రంపెట్ ఊదే పోస్టాఫీసు గుమస్తా ఒకాయనకి ఇచ్చేస్తామన్నారు గుంపువాళ్ళు.

చిక్కంతా ఒక్కచోటే. స్వరం మెట్లెక్కుతూ పోయి, పైమెట్టు అందకముందే, అతను ఊపిరి తీసుకునేవాడు.

"అక్కడ ఆగకయ్యా. గుమ్మం దాకా వచ్చిన చుట్టాన్ని బయటే నిలబెట్టినట్టుంది" అనేవారు మాస్టారు.

"ఆగకూడదనే అనుకుంటానండీ."

"నువ్వనుకుంటే సరా, నీ ఊపిరితిత్తులకి కూడా చెప్పు."

అన్న అక్కడే ఆగేవాడు. ముందుపన్ను విరిగిన సందులోంచి గాలి జారిపోయి, తీరా పైకెళ్ళేసరికి ఆయన దగ్గర ఏమీ మిగిలేది కాదు. తమ్ముడి పళ్ళు రాళ్ళలాంటివి. అతనికి ఆ ఊపిరితో పనేలేదు. అయినా ఆ చోటికి రాగానే ట్రంపెట్ చేతుల్లో చల్లబడేది. లోపలి గొట్టం మలుపులో ఎవరో నిలబడి తన వంతు కోసం చూస్తున్నట్టుండేది. ఛాతీ దానంతటదే తెరుచుకునేది.

గోడకి అవతల వదిన బట్టలు కుట్టేది. అతను ఊదుతున్నంతసేపూ మిషన్ గడగడా నడిచేది. ఆ చోట మాత్రం ఆగేది. అతను ఊపిరి తీసుకున్నంతసేపూ ఇల్లంతా ఆగేది. మళ్ళీ స్వరమూ మిషనూ కలిసి బయల్దేరేవి. ఆమె తెలిసి చేస్తోందో తెలియకో, అతను అడగలేదు. అడిగితే ఆ మౌనంలో కూర్చున్న మనిషి లేచి వెళ్ళిపోతాడని భయం.

శనివారం, కిటికీలో ఇంకా ఎండ ఉండగానే, బిగబట్టి ఊదాడు. ఆగలేదు. స్వరం ఆ చోటు దాటిపోయింది. అవతల మిషన్ ఆగింది, మళ్ళీ కదల్లేదు.

వదిన గుమ్మంలోకి వచ్చింది. మెడలో టేపు, చేతిలో ఎవరిదో చొక్కా చెయ్యి.

"ఏం అబ్బాయ్, మీ అన్నని వదిలేసి పోయావు?"

"ఆగొద్దన్నారు వదినా. ఆగితే రేపు కుర్చీ ఆ గుమస్తాకిచ్చేస్తారు."

"ఆయనకా? ఆయన ఊదితే టీ చల్లార్చుకుంటున్నట్టుంటుంది."

ఆమె నవ్వు సగంలోనే పోయింది.

"నీకు కష్టంగా ఉంటే పాతలాగే ఊదుతాను. కుర్చీ పోతే పోనీ" అన్నాడతను.

ఆమె చొక్కా చేతిని మడతపెట్టి, మళ్ళీ విప్పింది. "మీ అన్న కూర్చున్న కుర్చీ అది. ఎవరికీ ఇవ్వకు. ఊదు, ఇక్కడే ఉంటాను."

స్వరం మెట్లెక్కింది. ఆ చోటు వచ్చింది. ఛాతీ తెరుచుకోబోయింది. అంతలో గుమ్మం వైపునుంచి ఊపిరి వినిపించింది, విరిగిన పంటి సందులోంచి పీల్చినట్టు, సన్నటి ఈలతో. అచ్చం అన్నదే. ఏళ్ళ తరబడి గోడవతలనుంచి విని విని, వదిన తనకే తెలియకుండా నేర్చుకున్న ఊపిరి.

అతను తల తిప్పలేదు. పైస్వరాన్ని అందుకుని, అది గదిలో కరిగిపోయేదాకా వదల్లేదు.