ముందు నుంచి కనపడని పసుపు

ఈ కబురు మొదట నాకు తెచ్చింది స్రవంతి. బర్మింగ్‌హామ్‌లో మాస్టర్స్ చదువుతూ, సెలవులకు లండన్ శివారు హారోలోని మా ఇంటికి వచ్చే అమ్మాయి. "ఆంటీ, మైనం తినే కొండపిట్ట అక్కడి మ్యూజియంలో ఉంది. అంకుల్ చెప్పేది అదేనేమో!" అంది.

అంకుల్ అంటే మా పక్కింటి రామకోటయ్యగారు. ఒకప్పుడు బదరీ యాత్రలో, కొండచరియకు వేలాడే తేనెపట్టును కొరుకుతున్న పిట్టను చూశారు. మొహం కనపడలేదు, తోక మొదట్లో పసుపు మాత్రం కనపడింది. "తేనె వదిలేసి మైనం తినే వెర్రిపిట్ట ఈయనకే కనపడింది" అని వాళ్ళావిడ, మా ఆంటీ, ఇప్పటికీ ఆటపట్టిస్తారు. ఇప్పుడాయనకు చూపు దాదాపు పోయింది. "కళ్ళున్నప్పుడు కూడా సరిగా చూడలేదేమోనమ్మా" అన్నారొకరోజు. ఆ మాట విన్నాక ఉండబట్టలేకపోయాను.

2014 మే నెల, శనివారం. ఇంట్లో దీపం పెట్టుకుని, లండన్ యూస్టన్ స్టేషన్లో ఎనిమిదీ నలభై బర్మింగ్‌హామ్ రైలెక్కాను. టికెట్ వారం ముందే కొన్నాను, చవక. పులిహోర డబ్బా తెరవగానే ఎదురు సీట్లోని అమ్మాయి నవ్వింది. నెల్లూరట, నర్సు. సగం తనకు పెట్టి, స్రవంతి రాసిచ్చిన కాగితం తనకూ వినపడేలా చదివాను. ఈ పిట్ట హిమాలయాల్లో, పాకిస్తాన్ వైపు నుంచి బర్మా దాకా, పెద్ద తేనెటీగలు పట్లు పెట్టే చరియల దగ్గరే ఉంటుంది. మగది పట్టుకు కాపలా కాస్తూ, జత కట్టే ఆడపిట్టలనే మైనం తిననిస్తుంది.

"మైనం అరుగుతుందా ఆంటీ?"

"దానికి అరిగేలా ఇచ్చాడమ్మా దేవుడు."

"ఆ మొగుడు మాత్రం మహా గడుసు!"

పదిన్నరకు స్టేషన్లో స్రవంతి కలిసింది. బస్సులో పావుగంట. మ్యూజియం హాలు మధ్యలో గాజుపెట్టె, అందులో పిచ్చుకంత బూడిదరంగు పిట్ట. ఆడది అని చీటీ ఉంది. ఎంత వెతికినా పసుపు లేదు. ప్రాణం ఉసూరుమంది. ఆయనకేం చెప్పను? చేతులు జోడించి, అలవాటు కొద్దీ పెట్టె చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాను.

"ఆంటీ, ఇది గుడి కాదు! గార్డ్ చూస్తున్నాడు" అని స్రవంతి గుసగుసలాడింది.

సగం తిరిగేసరికి కాళ్ళు ఆగిపోయాయి. తోక మొదట్లో, ముడుచుకున్న రెక్కల కింద, గంధపుసాన మీద పసుపుకొమ్ము అరగదీసి వేలితో అద్దినంత పసుపు.

"అందరూ ముందు నుంచే చూసి వెళ్ళిపోతారు" అన్నాడు గార్డ్, దగ్గరికొచ్చి.

మూడూ పదికి తిరుగు రైలు. కూర్చోగానే ఫోన్ చేశాను.

"పసుపేనా అమ్మా?"

"పసుపే అంకుల్. తోక మొదట్లోనే."

ఆయన ఫోన్ చేతిలో పట్టుకునే లోపలికి కేకేశారు, "ఏమేవ్, ఇలా రా! ఈ పిల్ల ఏం చెబుతోందో విను!"

ఆంటీ అంతా విని, "సరేలే తల్లీ, ఇన్నేళ్ళూ ఆయన్ని ఏడిపించాను. ఇవాళ పాయసం చేసి పెడతాను" అన్నారు.

కిటికీ అవతల గొర్రెలు, ఆవపూల పొలాలు. నా కళ్ళతో ఒకరి చూపు నిలబెట్టినందుకు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. మీరెప్పుడైనా ఆ హాలుకు వెళితే, పెట్టె వెనక్కి కూడా వెళ్ళండి. ఆ పసుపు కనపడగానే, మా రామకోటయ్యగారిని ఒక్కసారి తలుచుకోండి.