లోటు తెలియని పాట

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో ఎదుటి సీటు ఆడపిల్లలు ఫోన్లో ఒక పాట పెట్టారు. ఒక రాక్ బ్యాండులోంచి బయటికొచ్చిన గాయకుడు సొంతంగా చేసిన ఆల్బమ్‌లోది. ఆ ఏడాది ఎక్కడికెళ్లినా అదే వినబడేది.

"బాగా పాడాడు కదండీ," అన్నాను పక్కనున్న నడివయసు మనిషితో.

"ఆ బ్యాండులో డ్రమ్స్ నేనే వాయించేవాణ్ణండి," అన్నాడాయన. "బాపట్లలో మా మేడమీదే మొదలెట్టాం. మమ్మల్ని వదిలేసి వెళ్లాకే వాడికింత పేరొచ్చింది."

"మీరు లేని లోటు తెలుస్తూనే ఉందండి," అనేశాను.

ఆయన మొహం చిట్లించాడు. "ఎందుకండీ ఆ మాట? లోటు ఎక్కడైనా దొరక్కపోతుందా అని ఆల్బమంతా ఎన్నిసార్లు విన్నానో. ఎక్కడా లేదు. మేం వెనక వాయించినన్నాళ్లూ వాడు ఒక్కసారి కూడా ఇంత బాగా పాడలేదు."

జంపనిలో బండి ఆగుతుంటే సంచీ తీసుకుని లేచాడు. ఆడపిల్లల దగ్గర ఆగాడు. ఆపేయమంటాడనుకున్నాను.

"చివరి చరణం ఇంకా బాగుంటుందమ్మా. కట్టేయకుండా వినండి," అన్నాడు.

అది మొదలయ్యేలోపే గబగబా దిగిపోయాడు.